కలానికి అండ

మహాభారత కథలో విదురునిది విలక్షణమైన స్థానం. పెద్దలు మౌనం వహించిన వేళల్లో సైతం అతడు ధృతరాష్ట్రునికి రుచించని సత్యాన్ని నిర్భయంగా చెప్పాడు. అరణ్యపర్వంలో ఒక సందర్భాన ఆ హితవచనాన్ని సహింపలేక రాజు కోపించి, అతణ్ణి కొలువు విడిచి పొమ్మన్నాడు. విదురుడు కామ్యకవనంలో ఉన్న పాండవులను చేరాడు. కొద్ది కాలానికే ధృతరాష్ట్రుడు పశ్చాత్తాపం చెంది, సంజయుణ్ణి పంపి తమ్ముణ్ణి తిరిగి రప్పించుకొన్నాడు. ఈ కథలో మనం సాధారణంగా విదురుని ధైర్యాన్నే మెచ్చుకొంటాం. కాని మరొక విషయం కూడా గమనింపదగినది. విదురుడు రాజుకు తమ్ముడు. పొమ్మంటే పోవడానికి అతనికి పాండవుల ఆశ్రయం ఉంది. ఆ బంధుత్వమూ ఆశ్రయమూ లేని సామాన్యుడు అదే మాట అని ఉంటే అతని గతి ఏమై ఉండేది? సత్యం చెప్పిన వానికి అండ ఎవరు? ఈ ప్రశ్నకు ఆధునిక సమాజం కనుగొన్న సమాధానాలలో పాత్రికేయుల వృత్తి సంఘం ఒకటి.

పత్రికా రచన సత్యాన్ని నలుగురికీ తెలియజేసే వృత్తి. ప్రభుత్వం చేసిన తప్పును, ధనవంతుడు దాచిన అక్రమాన్ని, అధికారి చూపిన నిర్లక్ష్యాన్ని పాత్రికేయుడు ప్రజల ముందు ఉంచుతాడు. అందువల్ల అతనికి విరోధులు ఏర్పడటం సహజం. మన తెలుగునాట ఈ వృత్తి చరిత్ర త్యాగాలతోనే మొదలైంది. 1908లో ‘స్వరాజ్య’ పత్రికను నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు బ్రిటిష్ ప్రభుత్వాన్ని విమర్శించినందుకు మూడు సంవత్సరాల కారాగార శిక్ష అనుభవించారు. హైదరాబాదులో ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ దినపత్రికకు సంపాదకుడైన షోయబుల్లాఖాన్ రజాకార్ల దురాగతాలను ఖండించి, 1948 ఆగస్టులో నడివీధిలో హత్యకు గురయ్యారు. హంతకులు ఆయన ప్రాణం తీయడంతో తృప్తి చెందక ఆయన చేతిని సైతం నరికివేశారు. ఆ చేయి చేసిన నేరం సత్యాన్ని రాయడమే.

చెరసాల, ఆయుధం – ఈ రెండూ అందరికీ కనిపించే ఆపదలు. కనిపించని ఆపద మూడవది ఒకటి ఉంది. అది ఉద్యోగం పోతుందన్న భయం. పత్రిక నడవాలంటే ముద్రణ యంత్రాలు కావాలి, కాగితం కావాలి, పెట్టుబడి కావాలి. కనుక పత్రికకు ఒక యజమాని ఉంటాడు. ఆ యజమానికి ఇతర వ్యాపారాలు ఉండవచ్చు, ప్రభుత్వంతో అవసరాలు ఉండవచ్చు. విలేఖరి తెచ్చిన వార్త ఆ అవసరాలకు అడ్డు వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? వార్త ఆగిపోవచ్చు. వార్త తెచ్చిన వాని ఉద్యోగమూ పోవచ్చు. చెరసాలకు పోయిన వానికి పూలమాలలు పడతాయి. జీతం పోయిన వానిని ఎవరూ గుర్తించరు.

ఈ భయాన్ని లెక్కచేయని ధీరులు కొందరు లేకపోలేదు. చీరాలకు చెందిన కోటంరాజు రామారావు 1938లో లక్నోలో ప్రారంభమైన ‘నేషనల్ హెరాల్డ్’ ఆంగ్ల దినపత్రికకు తొలి సంపాదకులు. 1942లో ఒక సంపాదకీయం రాసినందుకు ఆయన జైలుకు వెళ్ళారు. యాజమాన్యాలతో పొసగనప్పుడు ఉద్యోగాన్ని వదులుకోవడానికి వెనుదీయని స్వభావం ఆయనది. అందువల్లనే ఆయన జీవితకాలంలో అనేక పత్రికలలో పనిచేయవలసి వచ్చింది. అట్టి వ్యక్తిని మనం గౌరవించాలి. అయితే పత్రికా కార్యాలయంలో రాత్రంతా మేలుకొని వార్తలు దిద్దే ఉపసంపాదకుడు, ఊరూరా తిరిగే విలేఖరి, అచ్చుతప్పులు సరిచూసే ప్రూఫ్‌రీడరు – వీరందరూ రాజీనామా పత్రాన్ని జేబులో పెట్టుకొని తిరగగలరా? ఇంటి అద్దె, పిల్లల చదువు, వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ వీరి భుజాల మీద ఉంటాయి. ఒక వృత్తిలోని నిజాయితీ కేవలం కొందరి సాహసం మీద ఆధారపడి నిలువజాలదు. సామాన్యుడు కూడా నిజాయితీగా ఉండగలిగే పరిస్థితిని కల్పించాలి. ఒంటరిగా సాధ్యం కానిది సంఘటితంగా సాధ్యమవుతుంది. పాత్రికేయ సంఘం పుట్టుకకు మూలం ఈ ఆలోచనయే.

మన దేశంలో పత్రికా యజమానులు 1939లోనే ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1940లో సంపాదకుల సమావేశం పేరుతో మరొక అఖిల భారత సంస్థ వెలసింది. పత్రికలలో పనిచేసే పాత్రికేయులకు కొన్ని నగరాలలో సంఘాలు ఉన్నా, దేశమంతటికీ చెందిన సమాఖ్య మాత్రం 1950 అక్టోబరు వరకు ఏర్పడలేదు. ఆ నెలలో ఢిల్లీలో అవతరించిన సంస్థే ‘ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ వర్కింగ్ జర్నలిస్ట్స్’. దాని తొలి అధ్యక్షులు తెలుగువారైన మానికొండ చలపతిరావు కావడం మనకు గర్వకారణం. ఆయన 1946 నుండి 1978 వరకు ‘నేషనల్ హెరాల్డ్’ సంపాదకులుగా ఉన్నారు. స్వయంగా సంపాదక పీఠంపై ఉండి కూడా, కింది స్థాయిలో పనిచేసే సహచరుల కష్టసుఖాలను తనవిగా భావించి వారి సంఘానికి నాయకత్వం వహించడం ఆయన విశిష్టత.

అదే సంవత్సరం జనవరి 26న మన రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అందులోని 19వ అధికరణం పౌరులకు భావప్రకటన స్వేచ్ఛను ప్రసాదించింది. పత్రికా స్వేచ్ఛ అనే మాట రాజ్యాంగంలో ప్రత్యేకంగా కనిపించదు. ప్రతి పౌరునికీ ఉన్న భావప్రకటన స్వేచ్ఛలోనే అది ఇమిడి ఉందని న్యాయస్థానాలు నిర్ణయించాయి. అదే 19వ అధికరణం సంఘాలుగా ఏర్పడే స్వేచ్ఛను కూడా ఇచ్చింది. ఈ రెండు హక్కులూ ఒకే అధికరణంలో పక్కపక్కనే ఉండటం సార్థకంగా ఉంది. పాత్రికేయునికి మొదటి హక్కు కలమైతే, రెండవ హక్కు ఆ కలానికి అండ.

సమాఖ్య తొలి కృషి పాత్రికేయునికి చట్టంలో ఒక స్థానం సంపాదించడం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికులకు కొంత రక్షణ కల్పించింది. కాని పాత్రికేయుడు ఆ చట్టం దృష్టిలో కార్మికుడా, కాడా అన్నది స్పష్టం కాలేదు. అతడు చేతితో పనిచేసే శ్రామికుడు కాడు, నిర్ణయాలు తీసుకొనే అధికారీ కాడు. ఇద్దరికీ నడుమ ఉండి ఎవరి రక్షణా పొందలేకపోయాడు. 1952లో కేంద్ర ప్రభుత్వం న్యాయమూర్తి రాజాధ్యక్ష అధ్యక్షతన తొలి ప్రెస్ కమిషన్‌ను నియమించింది. ఆచార్య నరేంద్రదేవ్, జాకీర్ హుస్సేన్ వంటి ప్రముఖులతో పాటు చలపతిరావు కూడా అందులో సభ్యులు. 1954లో కమిషన్ తన నివేదికను సమర్పించింది. దాని ఫలితంగా 1955లో పార్లమెంటు వర్కింగ్ జర్నలిస్టుల చట్టాన్ని ఆమోదించింది.

ఆ చట్టంలోని అంశాలు పైకి సామాన్యంగా తోస్తాయి. సంపాదకుణ్ణి తగ్గింపు పేరుతో ఉద్యోగం నుండి తప్పించాలంటే ఆరు నెలల ముందు, ఇతర పాత్రికేయులను తప్పించాలంటే మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. నాలుగు వారాలలో 144 గంటలకు మించి పని చేయించరాదు. అర్హమైన సెలవులు, గ్రాట్యుటీ, భవిష్యనిధి కల్పించాలి. వేతనాల నిర్ణయానికి ఒక మండలిని నియమించాలి. విలేఖరి, ఉపసంపాదకుడు మొదలుకొని వ్యంగ్య చిత్రకారుడు, ఛాయాగ్రాహకుడు, ప్రూఫ్‌రీడరు వరకు అందరూ ఆ చట్టం పరిధిలోకి వచ్చారు. నోటీసుకూ పత్రికా స్వేచ్ఛకూ సంబంధం ఏమిటని సందేహం కలుగవచ్చు. రేపు ఉదయమే వీధిన పడతానన్న భయం ఉన్నవాడు ఈ రాత్రి నిజం రాయలేడు. మూడు నెలల వ్యవధి, చేతికి వచ్చే గ్రాట్యుటీ అతనికి ఆ భయాన్ని కొంత తగ్గిస్తాయి. ఆ మేరకు వాక్యంలో సత్యం పెరుగుతుంది.

ఈ చట్టాన్ని పత్రికా యజమానులు కొందరు సర్వోన్నత న్యాయస్థానంలో సవాలు చేశారు. వారు చేసిన వాదం ఆలోచింపదగినది. జీతాలను నిర్ణయించడం వల్ల పత్రికల మీద భారం పడుతుంది, కనుక అది పత్రికా స్వేచ్ఛకు భంగకరం అని వారన్నారు. అంటే పాత్రికేయుని జీతానికి వ్యతిరేకంగా పత్రికా స్వేచ్ఛనే ఆయుధంగా ప్రయోగించారు. 1958లో వెలువడిన తీర్పులో న్యాయస్థానం ఆ వాదాన్ని అంగీకరించలేదు. చట్టాన్ని ప్రధానంగా సమర్థించింది. అయితే పత్రికల చెల్లింపు శక్తిని పరిగణించలేదన్న కారణంతో వేతన మండలి నిర్ణయాన్ని కొట్టివేసింది. దానితో అదే సంవత్సరం పార్లమెంటు వేతనాల నిర్ధారణకు మరొక చట్టం చేసింది. ఇందులో గెలుపోటముల కంటె ముఖ్యమైనది ఆ వివాదం లేవనెత్తిన ప్రశ్న. పత్రికా స్వేచ్ఛ ఎవరిది? అచ్చుయంత్రం ఉన్నవానిదా, వార్త రాసేవానిదా, చదివే ప్రజలదా? ముగ్గురికీ అందులో భాగం ఉంది. కాని రాసేవాడు స్వేచ్ఛగా లేనిచోట చదివేవానికి అందేది స్వేచ్ఛ కాదు, యజమాని అభీష్టం మాత్రమే.

ప్రభుత్వం వైపు నుండి వచ్చిన గొప్ప పరీక్ష 1975 జూన్ 25న విధించిన అత్యవసర పరిస్థితి. వార్తలను ముందుగా అధికారులకు చూపి అనుమతి పొందాలన్న నియమం వచ్చింది. 1966లో ఏర్పడిన ప్రెస్ కౌన్సిల్ రద్దయింది. నాలుగు వార్తాసంస్థలను 1976లో ఒకటిగా కలిపివేశారు. కులదీప్ నయ్యర్ ఢిల్లీలో పాత్రికేయులను సమావేశపరచి నిరసన తెలిపి జైలు పాలయ్యారు. ఆ కాలంలో అన్ని పత్రికలూ ఎదురు నిలువలేదు. చాలా పత్రికలు తలవంచాయన్నది చేదు నిజం. 1977లో అత్యవసర పరిస్థితి తొలగిన తరువాత 1978లో మరల చట్టం చేసి ప్రెస్ కౌన్సిల్‌ను పునరుద్ధరించారు. అధ్యక్షుడు కాక 28 మంది ఉండే ఆ మండలిలో 13 స్థానాలు సంపాదకులకు, ఇతర వర్కింగ్ జర్నలిస్టులకు కేటాయించారు.

ఈ అనుభవం వృథా కాలేదు. 1982లో బీహారు శాసనసభ ఒక పత్రికా బిల్లును ఆమోదించింది. అసభ్యమైన, నీచమైన రాతలన్న ఆరోపణపై పాత్రికేయుణ్ణి బెయిలుకు వీలులేని నేరం కింద అరెస్టు చేసే అవకాశం అందులో ఉంది. దేశవ్యాప్తంగా పాత్రికేయ సంఘాలు ఆందోళన చేశాయి. మరుసటి సంవత్సరం ఆ బిల్లు ఉపసంహరింపబడింది. 1988లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పరువునష్టం బిల్లును లోక్‌సభ ఆమోదించింది. పాత్రికేయులు ఢిల్లీ వీధులలో ఊరేగింపుగా కదిలారు. యజమానులు, సంపాదకులు కూడా వారితో కలిశారు. రాజ్యసభకు వెళ్ళకుండానే ప్రభుత్వం బిల్లును విరమించుకొంది. ఈ రెండు సందర్భాలలోనూ ఫలించినది ఒక వ్యక్తి సాహసం కాదు, వేలమంది ఐకమత్యం.

సంఘానికి బలం ఎంత ముఖ్యమో స్వతంత్రత అంతకంటె ముఖ్యం. యజమాని చేతిలో ఉన్న సంఘం కార్మికుణ్ణి కాపాడదు. ప్రభుత్వానికి రుణపడిన సంఘం స్వేచ్ఛను కాపాడదు. పాత్రికేయులకు ప్రభుత్వాలు ఇచ్చే ఇళ్ళస్థలాల సంగతి ఇందుకు ఉదాహరణ. సొంత ఇల్లు లేని పాత్రికేయుని అవసరం కాదనరానిది. అయినా ఎవరిని ప్రశ్నించాలో వారి నుండే కానుక పుచ్చుకొన్నప్పుడు కలం బరువెక్కుతుంది. హైదరాబాదు పరిధిలో ప్రజాప్రతినిధులు, ఉన్నతాధికారులు, న్యాయమూర్తులు, పాత్రికేయులు మొదలగు వారి గృహనిర్మాణ సంఘాలకు పూర్వపు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన భూకేటాయింపులను సర్వోన్నత న్యాయస్థానం 2024 నవంబరులో రద్దు చేసింది. ప్రభుత్వ భూమిని కొన్ని వర్గాలకు ప్రత్యేకంగా పంచడం సమానత్వానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. సంఘాలు హక్కుకూ అనుగ్రహానికీ గల భేదాన్ని మరువరాదని ఆ తీర్పు మనకు గుర్తుచేస్తుంది.

యాజమాన్యాల ఎదుట స్వతంత్రంగా నిలిచిన ఘటన కూడా మన తెలుగునాటనే ఉంది. 2009 ఎన్నికల సమయంలో అభ్యర్థుల నుండి డబ్బు తీసుకొని ప్రచారాన్ని వార్తల రూపంలో అచ్చువేసే దురాచారం ప్రబలింది. దీనినే ‘పెయిడ్ న్యూస్’ అంటారు. పాఠకుడు వార్త అనుకొని చదివేది నిజానికి ప్రకటన. తమ పత్రికలు చేస్తున్న ఈ పనిని ఆ పత్రికల పుటలలో రాయడం పాత్రికేయులకు అసాధ్యం. అప్పుడు ఆంధ్రప్రదేశ్ యూనియన్ ఆఫ్ వర్కింగ్ జర్నలిస్ట్స్ పశ్చిమగోదావరి జిల్లాలో నమూనా సర్వే జరిపి, ఈ విషయాన్ని బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజోయ్ గుహ ఠాకుర్తాతో పాటు తెలుగు పాత్రికేయ నాయకులు కె. శ్రీనివాసరెడ్డి ఉన్నారు. 2010లో కౌన్సిల్ సంక్షిప్త నివేదికను మాత్రమే వెలువరించింది. సంస్థల పేర్లతో కూడిన పూర్తి నివేదిక కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం తరువాత 2011లో వెలుగు చూసింది. తన సభ్యులకు జీతమిచ్చే సంస్థలలోని దోషాన్ని ఎత్తిచూపడం కంటె సంఘ స్వతంత్రతకు నిదర్శనం ఏముంటుంది? ఆ సందర్భంలో సంఘం కాపాడినది పాత్రికేయుణ్ణి మాత్రమే కాదు, మోసపోతున్న పాఠకుణ్ణి కూడా.

కాలం మారినా ఆపదలు తగ్గలేదు. పాత్రికేయులపై దాడులను అరికట్టడానికి సంఘాలు చిరకాలం కోరగా మహారాష్ట్రలో 2017లోనూ, ఛత్తీస్‌గఢ్‌లో 2023లోనూ ప్రత్యేక శాసనాలు ఆమోదం పొందాయి. అయినా 2025 జనవరిలో తెలంగాణ పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో, రహదారి పనులలో అక్రమాలపై వార్త అందించిన ముకేశ్ చంద్రాకర్ అనే యువ పాత్రికేయుడు హత్యకు గురయ్యాడు. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, దానిని అమలు చేయించే శక్తి కూడా కావాలని ఈ విషాదం చెబుతున్నది. ప్రపంచమంతటా పరిస్థితి ఇదే. పాత్రికేయుల హత్యలలో నూటికి 85 కేసులలో దోషులకు శిక్ష పడలేదని యునెస్కో 2024లో ప్రకటించింది. అందుకే ఈ సంఘాలు దేశాల ఎల్లలు దాటి చేతులు కలిపాయి. 1926లో ప్యారిస్‌లో పుట్టి, 1952లో బ్రస్సెల్స్‌లో నేటి రూపం పొందిన అంతర్జాతీయ పాత్రికేయుల సమాఖ్య అటువంటిది. ఏటా మే 3న ప్రపంచ పత్రికా స్వేచ్ఛా దినోత్సవం జరుగుతున్నది.

నేడు సంఘాలకు కొత్త సమస్యలు ఎదురవుతున్నాయి. 1990ల తరువాత శాశ్వత ఉద్యోగాల స్థానంలో ఒప్పంద ఉద్యోగాలు వ్యాపించాయి. ఒప్పందం ముగియడమే తొలగింపు అయినప్పుడు నోటీసు ప్రసక్తి ఎక్కడిది? మండల స్థాయిలో వార్తలు పంపే విలేఖరులలో పలువురికి నెలజీతం లేదు, అచ్చయిన పంక్తుల లెక్కన వచ్చే స్వల్ప పారితోషికమే ఆధారం. ప్రమాదానికి అందరికంటె దగ్గరగా ఉన్నవాడు రక్షణకు అందరికంటె దూరంగా ఉన్నాడు. న్యాయమూర్తి మజీఠియా వేతన మండలి సిఫారసులను సర్వోన్నత న్యాయస్థానం 2014లో సమర్థించినా, వాటి అమలు కోసం పాత్రికేయులు మరల కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. 1955 నాటి చట్టాన్ని 2020లో కొత్త కార్మిక స్మృతిలో విలీనం చేశారు. 2025 నవంబరు నుండి ఆ స్మృతి అమలులోకి వచ్చింది. దూరదర్శన మాధ్యమాలలోనూ డిజిటల్ మాధ్యమాలలోనూ పనిచేసేవారు వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలోకి రావడం మంచి పరిణామం. తమకంటూ ఉన్న ప్రత్యేక చట్టం, వేతన మండలి లేకుండా పోయాయన్న ఆవేదన సంఘాలది. సంఘాలు సైతం చీలి పలు పేర్లతో పనిచేయడం వల్ల వాటి గొంతు కొంత బలహీనపడింది.

పాత్రికేయ సంఘానికి హక్కులతో పాటు బాధ్యతలు కూడా ఉన్నాయి. అబద్ధం రాసిన వానిని, బెదిరించి డబ్బు గుంజే వానిని తనవాడన్న అభిమానంతో వెనుక వేసుకొనే సంఘం ప్రజల విశ్వాసాన్ని కోల్పోతుంది. ప్రజల విశ్వాసం లేని సంఘానికి ఎంత సభ్యత్వం ఉన్నా బలం ఉండదు. న్యాయవాదికి, వైద్యునికి వలెనే పాత్రికేయునికి కూడా వృత్తిధర్మమే తొలి కవచం.

ఈ విషయం పాత్రికేయులకు మాత్రమే సంబంధించినది కాదా అని విద్యార్థులు అనుకోవచ్చు. మన ఊరి చెరువు ఆక్రమణకు గురైనప్పుడు, వసతిగృహంలో భోజనం సరిగా లేనప్పుడు, ఆసుపత్రిలో మందులు లేనప్పుడు ఆ సంగతి నలుగురికీ తెలియాలంటే రాసే మనిషి ఒకడు ఉండాలి. అతడు భయపడి మౌనం వహిస్తే మన కష్టం మనతోనే ఆగిపోతుంది. కాబట్టి అతని భద్రత మన అవసరం. విదురునికి రాజబంధుత్వం అండ అయింది. నేటి విలేఖరికి రాజబంధువులు లేరు. అతనికి అండగా నిలువవలసినది చట్టం, సంఘం, వాటి రెండింటి వెనుక మేలుకొని ఉండే పాఠకలోకం.